లేని పుస్తకాల రిజిస్టరు

ఈ చలికాలం దగ్గు నన్ను వదిలేలా లేదు. డాక్టరు రాసిచ్చిన సీసా మందు అలమరలో ఉంది కానీ నాకు కరక్కాయ మీదే గురి. పొద్దున్నే ఒక కాయ చితక్కొట్టి చిన్న ముక్క బుగ్గన పెట్టుకుంటాను. కాసేపటికి నోరంతా వగరెక్కి నాలుక ముడుచుకుపోతుంది, మాట సరిగా రాదు. ఆ వగరు వెంటే ఒక వాసన వస్తుంది. కరక్కాయలు నానేసిన కుండ వాసన, అందులో కలిసిన తుప్పు వాసన, ఆ వెనకే చాలాకాలం మూసి ఉంచిన బీరువా తెరిచినప్పటి కాగితాల వాసన. ఇప్పుడు నా ఇంట్లో కుండా లేదు, తుప్పూ లేదు. బీరువా అయితే ఉంది కానీ దాన్ని నేను తెరవను. అయినా ప్రతి పొద్దునా ఆ వాసన వస్తుంది, నేను వద్దన్నా వస్తుంది.

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో సిరా బిళ్లలు దొరికేవి కావు. దొరికినా ఆ సిరా నీళ్ల మజ్జిగలా ఉండేది. అందుకని మా లైబ్రరీలో సిరా మేమే కాచుకునేవాళ్లం. కరక్కాయలు దంచి రెండు రోజులు నానబెట్టి, సగానికి మరగబెట్టి, వడగట్టి అందులో అన్నభేది కలిపితే కాటుకలాంటి సిరా వస్తుంది. అన్నభేది అంటే నాటువైద్యుల దగ్గర ఆకుపచ్చ పలుకులుగా దొరికే ఇనప ఉప్పు. ఎంత వెయ్యాలో చెప్పింది వీరాచారి మాస్టారు. చెప్పినదానికన్నా చిటికెడు ఎక్కువ వేసింది నేను. సిరా ఎంత నల్లగా వస్తే ఆయన అంత మెచ్చుకునేవారు మరి. ఆ చిటికెడు ఏం చేసిందో తర్వాత చెబుతాను.

వీరాచారి మాస్టారి పేరు మీరెవరూ విని ఉండరు. నరసరావుపేటలో పంతుళ్లను తయారుచేసే ట్రెయినింగు స్కూలు ఒకటుండేది. ఆ స్కూలు లైబ్రరీకి ఆయన అధికారి, గుమాస్తా, బంట్రోతు అన్నీ. ఊరు దుర్గి. తాత తండ్రులు రాతి పనివాళ్లు. నందులూ, నాగ ప్రతిమలూ, తులసికోటలూ చెక్కిన ఇంట్లో పుట్టి, ఎలాగో బడిలో పడి, మద్రాసు దాకా వెళ్లి లైబ్రరీ పని నేర్చుకుని సర్టిఫికెట్టు తెచ్చుకున్నారు. పల్నాడులో ఆ సర్టిఫికెట్టు ఏమిటో చదివి అర్థం చేసుకున్నవాడు ఇంకొకడు లేడని మా నాన్న నవ్వేవాడు. మా నాన్న దుర్గి పక్కనే చిన్న మిషన్ బడిలో టీచరు. మాస్టారి సహాయకుడు మిలిటరీలో చేరిపోతే, ఆ చోటికి మగవాళ్లెవరూ దొరక్క, స్కూలు ఫైనలు ప్యాసై ఇంట్లో కూర్చున్న నన్ను తీసుకున్నారు. ఆడపిల్ల నిచ్చెనెక్కి పుస్తకాలు దించుతుందా అని స్కూల్లో సణిగినవాళ్లకు మాస్టారు చెప్పిన జవాబు నాకు ఇంకా గుర్తుంది. "నిచ్చెనకి ఆడా మగా తేడా తెలవదయ్యా. దానికి బరువే తెలుసు, ఈ పిల్ల బక్కది."

చేరిన మొదటి వారంలోనే నా పని ఏమిటో తెలిసింది. మా లైబ్రరీ ట్రెయినింగు విద్యార్థుల కోసం పెట్టిందే అయినా, సంత రోజున మాత్రం మాస్టారు తలుపులు బార్లా తీసి ఎవరినైనా రానిచ్చేవారు. ఆ రోజు కారంపూడి నుంచి ఒక రైతు వచ్చాడు. చెప్పులు బయట విడిచి, తలగుడ్డ తీసి చేత్తో పట్టుకుని, గుడి లోపలికి వచ్చినట్టు వచ్చాడు. మిరప తోటకు ఆకు ముడత తెగులు పట్టిందట, దాని మందు చెప్పే పుస్తకం ఉందా అని అడిగాడు. నేను కార్డులు తిరగేశాను. లేదు. లేదని చెప్పాను. అతను తల ఊపి వెళ్లిపోయాడు. నేను నా పని బాగా చేశానన్న సంతోషంతో మళ్లీ కార్డులు సర్దుకుంటున్నాను.

"ఎవరాయన?" అన్నారు మాస్టారు లోపలి గదిలోంచి వస్తూ.

"ఎవరో రైతండీ. మిరప తెగులు పుస్తకం అడిగాడు. లేదని చెప్పాను."

"పేరేంది?"

"తెలియదండీ."

"ఊరు కారంపూడన్నాడు, విన్నాలే. ఎన్నెకరాలు, ఎన్నాళ్లనించి ఆ తెగులు, అడిగావా?"

"లేని పుస్తకానికి అవన్నీ ఎందుకండీ?" అన్నాను. తెలివిగానే అడిగాననుకున్నాను.

ఆయన కోప్పడలేదు. వాకిలి వైపు చెయ్యి చూపించారు. "పో, పిలువు. మూడు ఆమడలు బండి మీద వచ్చినోడికి లేదన్నావు. సరే, లేదు గాబట్టి అన్నావు. ఆ లేదన్న మాటైనా మన దగ్గర ఉండాల గదా. అది కూడా పారేస్తే ఎట్టా?"

నేను చీర కుచ్చిళ్లు పట్టుకుని బండ్ల దొడ్డి దాకా పరుగెత్తాను. రైతు ఎడ్లను కడుతున్నాడు. నన్ను చూడగానే అతని మొహం వెలిగిపోయింది, పుస్తకం దొరికిందనుకున్నాడు. పుస్తకం లేదు, మీ పేరు రాసుకోవాలి రమ్మన్నారని చెప్పేటప్పుడు నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. "లేనిదానికి నా పేరెందుకమ్మా?" అన్నాడు, నేను మాస్టారితో అన్నమాటే. అయినా వచ్చాడు. మాస్టారు అతన్ని బల్ల మీద కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి, పొడుగాటి రిజిస్టరు తెరిచి, గళ్లు నింపుతూ గంటసేపు మాట్లాడారు. తేదీ, పేరు, ఊరు, అడిగింది, ఎందుకు. ఆ చివరి గడి ఆయన సొంతం, మద్రాసులో ఎవరూ నేర్పింది కాదు. అందులో ఆయన రాసింది నాకు కంఠతా వచ్చు: "నిరుడు సగం పోయింది. ఈ ఏడు కూడా పోతే పొలం కౌలుకివ్వాలి."

అదే లేని పుస్తకాల రిజిస్టరు. మేము లేదన్న ప్రతిసారీ అందులో ఒక వరస చేరేది. ట్రెయినింగు విద్యార్థులు ఆయన్ని చాటున 'లేదు మాస్టారు' అనేవాళ్లు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. వారానికి రెండు పూటలు ఆయన వాళ్లకు పాఠం చెప్పేవారు, రేపు పల్లెటూరి బడిలో పంతులైతే అర బీరువా పుస్తకాలతో లైబ్రరీ ఎలా నడపాలో. పుస్తకం వెన్ను ఎలా కుట్టాలి, చెద పట్టకుండా బీరువా కాళ్లు నీళ్ల చిప్పల్లో ఎలా పెట్టాలి, కార్డు ఎలా రాయాలి. అంతా అయ్యాక చివర్న ఎప్పుడూ ఒకే మాట. "ఉన్నవాటికి కేటలాగు ఎవుడైనా రాస్తాడు. లేనివాటికి రాయండి. మీ ఊరు ఏందో మీకు అప్పుడు తెలుస్తది." పిల్లలు తలవంచుకుని నవ్వుకునేవాళ్లు. నేనూ మొదట్లో నవ్వాను.

సెలవుల్లో ఆయన రిజిస్టరు సంచిలో పెట్టుకుని బొగ్గు బస్సెక్కేవారు. పెట్రోలు లేని రోజులు, బస్సు వెనక బొగ్గు పొయ్యి పెట్టి ఆ పొగతో నడిపేవాళ్లు. ఎత్తు వస్తే అందరూ దిగి నడవాలి. మాచర్ల, గురజాల, ఈపూరు తిరిగి, మసి పట్టిన మొహంతో, నిండిన పేజీలతో వచ్చేవారు. ఆ వరసలన్నీ విషయాల వారీగా విడగొట్టి నేను చీటీల మీదికి ఎక్కించేదాన్ని. వాటినుంచి ఆయన ఒక పరిశోధన రాస్తున్నారు, పల్నాడు ఏమి చదవాలనుకుంటోందని. కాగితం కరువు వల్ల పాత పరీక్ష పేపర్ల వెనకవైపు రాసేవారు, ఒకటే ప్రతి. "ఇది అచ్చయితే చాలమ్మా. ఈ పక్క జనానికి చదువు మీద ఆశ లేదని ఇంకెవుడూ అనడు," అనేవారు. నేను ఆయన్ని నమ్మాను. ఇరవై ఏళ్ల వయసులో మనిషి ఎవరినో ఒకరిని అలా నమ్మకపోతే తర్వాత ఎప్పటికీ నమ్మలేడు. నేను నమ్మాను కాబట్టే ఇదంతా జరిగింది.

ఆయన పట్టుదల ఎక్కడి నుంచి వచ్చిందో ఒకసారి ఆయనే చెప్పారు. లైబ్రరీ గడప పక్కన ముక్కు విరిగిన ఒక చిన్న నంది ఉండేది. వచ్చేవాళ్లందరూ దాన్ని తప్పుకుని రావాలి. ఈ పగిలిన బొమ్మను ఎందుకు పెట్టారని అడిగాను. "మా నాయన చెక్కింది. చెక్కతా ఉంటే పగిలింది. పగిలిన రాయిని ఆయన పారెయ్యడు. ఎనకాల దాచడు. తీసకొచ్చి వాకిట్లో, మంచివాటికన్నా ముందు పెట్టేవాడు. ఏందయ్యా నీ తప్పు నువ్వే చూపిచ్చుకుంటన్నావ్ అని అడిగితే, ‘తప్పు చూపిచ్చేవోడి దగ్గరే రాయి కొనాల’ అనేవాడు. దుర్గిలో మా వాకిట్లో కొన్నంతమంది ఇంకెవరి దగ్గరా కొనలా." ఆయన ఆ మాట చెప్పి నంది వీపు మీద చెయ్యి వేశారు. నాకు ఆ మాట ఎంత నచ్చిందంటే ఆ సాయంత్రమే మా నాన్నకు ఉత్తరం రాశాను. ఆ మాట వినకపోయి ఉంటే బాగుండేదని తర్వాత ఎన్నోసార్లు అనుకున్నాను.

ఈపూరు మార్తమ్మ గురించి చెప్పకుండా ముందుకు వెళ్లలేను. కూలికి పోయే మనిషి, చదువు రాదు. కొడుకు మిలిటరీలో ఉన్నాడు. సెలవు మీద వచ్చిన ఇంకో సిపాయి ఆమెతో, మీవాడు ఇంఫాల్ వైపు ఉన్నాడని చెప్పాడట. ఆ ఊరు ఎక్కడుందో చూపించమని మా దగ్గరికి వచ్చింది. మా దగ్గరున్న పటాల పుస్తకం చాలా పాతది, చినిగిపోయి పిన్నులతో నిలబడ్డది. అందులో ఆ ఊరు లేదు. రిజిస్టరులో రాశాం. ‘ఎందుకు’ అన్న గడిలో మాస్టారు ఆమె చెప్పింది చెప్పినట్టు రాశారు: "ఎంత దూరమో చూసుకోటానికి. జానెడా, బెత్తెడా."

ఆమె ప్రతి సంతకూ వచ్చేది. "అమ్మాయ్, ఆ ఊరు వచ్చిందా?" అని గడప బయటినుంచే అడిగేది, ఊరే పోస్టులో రావాలన్నట్టు. రాలేదమ్మా అంటే, "సర్లే, చానా దూరం గదా, నిదానంగా వస్తది," అని నాకే ధైర్యం చెప్పి వెళ్లేది. మాస్టారు మద్రాసుకు ఉత్తరం మీద ఉత్తరం రాశారు. పెద్ద పటం వచ్చేసరికి వానాకాలం అయిపోయింది. ఆ వారం మార్తమ్మ రాలేదు. ఆ పై వారమూ రాలేదు. మాస్టారు పటం చుట్ట చంకన పెట్టుకుని ఈపూరు వెళ్లారు. సాయంత్రం తిరిగి వచ్చి, చుట్ట విప్పకుండానే బీరువా మీద పెట్టారు. తంతి ముందే వచ్చిందట. "ఆ పటం చూపిచ్చారా?" అని అడిగాను. అంత బుద్ధిలేని ప్రశ్న నేను మళ్లీ అడగలేదు. ఆయన రిజిస్టరు తీసి ఆ వరస దగ్గర వేలు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నారు, ఏమీ రాయలేదు.

యుద్ధం అయిపోయింది. మంచి రోజులు వస్తాయని అందరూ అన్నారు. మాకు వచ్చింది ఒక కమిటీ. ట్రెయినింగు స్కూళ్లలో ఏవి ఉంచాలి, వాటిలో లైబ్రరీలు ఎక్కడ ఉండాలి, ఎక్కడ అక్కర్లేదు అని చూసి చెప్పే ముగ్గురు పెద్దమనుషులు. ప్రతి లైబ్రరీ తన పని గురించి కాగితాలు సిద్ధం చేసి పెట్టాలని తాకీదు వచ్చింది. మా హెడ్మాస్టరు గారు లోకం తెలిసిన మనిషి. లైబ్రరీకి వచ్చి, కుర్చీ అంచున కూర్చుని, "వీరాచారి గారూ, ఎన్ని పుస్తకాలు ఉన్నాయి, ఎంతమందికి ఇచ్చారు, ఆ లెక్క చాలు. మీ లేదు పుస్తకం మాత్రం బయట పెట్టమాకండి," అన్నారు. మాస్టారు సరేనన్నారు, కాదనీ అన్నారు. ఆయన ఎప్పుడూ అంతే, పెద్దవాళ్ల ముందు రెండూ అనేవారు. హెడ్మాస్టరు వెళ్లాక నన్ను అడిగారు.

"నువ్వేమంటావ్ సుగుణా?"

నాకు లోపల భయం వేసింది, అది ఇప్పుడు కూడా గుర్తుంది. హెడ్మాస్టరు చెప్పింది నిజమేనేమో అనిపించింది. కానీ ఆయన నా మొహంలోకి చూస్తున్నారు. ఆయన దగ్గర మంచి మార్కు కొట్టెయ్యాలన్న ఆశ నాకు భయంకన్నా పెద్దది. "పగిలిన రాయి వాకిట్లోనే ఉండాలి గదండీ," అన్నాను. ఆయన కళ్లు తడయ్యాయి. లోపలి గదిలోకి వెళ్లిపోయారు. కమిటీ వచ్చే రోజు కాగితాలన్నీ బల్ల మీద సర్దింది నేనే. ఇచ్చిన పుస్తకాల లెక్క అడుగున పెట్టాను. దాని మీద ఆయన పరిశోధన. అన్నిటికన్నా పైన, అందరి కళ్లూ ముందు పడేచోట, లేని పుస్తకాల రిజిస్టర్లు మూడూ. పై అట్ట మీద ఎవరూ చెప్పకుండానే తెల్ల కాగితం అంటించి, మంచి దస్తూరితో "మా దగ్గర లేనివి" అని రాశాను కూడా.

ముగ్గురూ కారులో వచ్చారు. కాఫీలు తాగారు. ఒకాయన పైనున్న రిజిస్టరు తీసి నాలుగు పేజీలు తిప్పి, పక్కాయనకు చూపించారు. పక్కాయన నవ్వారు. నేను బీరువా పక్కన నిలబడి ఉన్నాను. ఆ నవ్వు మెచ్చుకోలనుకున్నాను, ఒక్క క్షణం.

"ఇదేమిటండీ?" అన్నారు మొదటాయన.

"అడిగినోళ్లు అడిగినయ్యి అండి. మేము ఇవ్వలేకపోయినయ్యి," అన్నారు మాస్టారు. నిలబడే ఉన్నారు, కూర్చోమని ఎవరూ అనలేదు.

"మిరప తెగులు. నీళ్లు పడే చోటు కనుక్కోవడం. కోర్టు కాగితం చదివే విధానం. పంతుళ్ల లైబ్రరీలో ఇవన్నీ ఏమిటి? ఇదుగో ఇది చూడండి, జానెడా బెత్తెడా అట! ఇదీ ఒక పుస్తకమేనా?"

మాస్టారు ఆ పేజీ వైపు చెయ్యి చాచి వెనక్కి తీసుకున్నారు. మార్తమ్మ వరస అది. నేను చెప్పి ఉండవచ్చు. నాకు గొంతు ఉంది. నేనూ చెప్పలేదు.

"మీరు మీ చేతులతో రాసిచ్చారు గదా," అన్నారు మూడో ఆయన, నెమ్మదిగా, మంచిగానే. "వచ్చినవాళ్లకు వచ్చినట్టు లేదని చెప్పాం అని. ఇన్నిసార్లు లేదని చెప్పే లైబ్రరీ ఎందుకండీ?"

"ఇంతమంది అడిగారని రాశానండి," అన్నారు మాస్టారు.

"లేదని రాశారు," అన్నారాయన. కింద ఉన్న ఇచ్చిన పుస్తకాల లెక్క ఎవరూ తియ్యలేదు. మధ్యలో ఉన్న పరిశోధన మాత్రం ఒకాయన చూస్తానని సంచిలో పెట్టుకుని తీసుకువెళ్లారు. అది తిరిగి రాలేదు. ఉత్తరాలు రాశాం, జవాబు రాలేదు. ఆయన ఏళ్ల తరబడి రాసింది ఏ బీరువా అడుగున మగ్గిందో, ఏ పొయ్యిలోకి వెళ్లిందో నాకు తెలియదు.

రెండు నెలలకు ఉత్తర్వు వచ్చింది. లైబ్రరీ మూసెయ్యాలి, పుస్తకాలన్నీ గుంటూరు పంపాలి. మాస్టారు నెంబర్ల వరసన ఒక్కో పుస్తకం దించి, దుమ్ము దులిపి, మూటలు కట్టించి స్టేషనుకు బండ్ల మీద ఎక్కించారు. చివరి రోజున అప్పగింతలకు వచ్చిన గుమాస్తా జాబితాలో టిక్కులు పెట్టుకుంటూ, రిజిస్టర్ల దగ్గరికి వచ్చి ఆగాడు. "ఇవి లిస్టులో లేవండీ. ఇవి పుస్తకాలు గావు," అని పక్కకు నెట్టాడు. అలా అవి మిగిలాయి. మాస్టారు వాటి వైపు చూడకుండా గడప దాటారు. వాటిని నేను నా ట్రంకు పెట్టెలో వేసుకున్నాను. నంది బొమ్మ అక్కడే ఉండిపోయింది.

ఆయనకు వేరే చోట గుమాస్తా పని ఇచ్చారు, కానీ చేరలేదు. దుర్గి వెళ్లిపోయారు. ఏడాది తర్వాత నాకు మద్రాసులో ఆయన చదివిన చదువుకే సీటు వచ్చింది. చెప్పి వెళ్దామని దుర్గి వెళ్లాను. ఇంటి ముందు చలువ పందిరి కింద, తమ్ముడి పక్కన కూర్చుని మైలురాళ్ల మీద అంకెలు చెక్కుతున్నారు. చొక్కా లేదు, ఒంటి నిండా రాతి పొడి. ఆయన కేటలాగు కార్డుల మీద రాసిన దస్తూరే ఆ రాళ్ల మీద ఉంది, గుండ్రంగా, తప్పు లేకుండా. నన్ను చూసి సుత్తి పక్కన పెట్టారు. మద్రాసు సంగతి చెప్పాను. "మంచిది. నేర్చుకో," అన్నారు. చేతుల మీది రాతి పొడి దులుపుకుంటూ, "ఆ కారంపూడాయన పొలం ఏమైందో కనుక్కున్నావా?" అని అడిగారు. లేదన్నాను. ఆ మాట నా నోట్లోంచి రాగానే ఇద్దరం తలలు దించుకున్నాం.

అప్పుడు ఏడ్చాను. రిజిస్టర్లు పైన పెట్టింది నేనేనని, ఆ కాగితం అంటించింది నేనేనని, అడుగున పెట్టి ఉంటే లైబ్రరీ నిలిచేదేమోనని చెప్పాను. ఆయన ఆశ్చర్యపోలేదు.

"నేను చూడలేదనుకున్నావా? కార్లో వాళ్లు దిగేముందు బల్ల నేనొకసారి చూశా. తియ్యాలనుకుంటే తీసేవోణ్ణి." ఉలి అంచు బొటనవేలితో చూసుకుంటూ అన్నారు. "మా నాయన పగిలిన రాయి చూపిచ్చింది రాయి కావాల్సినోడికమ్మా. నేను రాయి అక్కర్లేనోడికి చూపిచ్చా. అదీ తప్పు." ఇంకా ఏమైనా అంటారని, నీ తప్పు లేదని అంటారని ఎదురుచూశాను. ఆయన సుత్తి తీసుకుని పనిలో పడ్డారు. నేను రోడ్డు ఎక్కేదాకా ఆ చప్పుడు వినపడుతూనే ఉంది. మూడో ఏడు ఆయన పోయారని మా నాన్న రాశాడు. రాతి పొడి ఊపిరితిత్తులకు పట్టిందట.

ఇక నా సంగతి. మద్రాసులో చదివాను. కాలేజీల్లో, తర్వాత యూనివర్సిటీలో లైబ్రేరియనుగా చేశాను, ఆ శాస్త్రం పిల్లలకు పాఠం చెప్పాను, పరిశోధనలు చేయించాను. శాలువాలు కప్పారు. నా దగ్గర చదివినవాళ్లు చాలా చోట్ల లైబ్రేరియన్లుగా ఉన్నారు. వాళ్లలో ఒక్కరికి కూడా నేను లేని పుస్తకాల రిజిస్టరు గురించి చెప్పలేదు. నేను పనిచేసిన ఏ లైబ్రరీలోనూ అది పెట్టలేదు. ప్రతి ఏటా పైవాళ్లకు పంపే నివేదికలో ఇచ్చినవే రాశాను, లేదన్నవి రాయలేదు. నా లైబ్రరీల్లో ఏదీ మూతపడలేదు. పైవాళ్లు నన్ను మెచ్చుకున్న ప్రతిసారీ, ఆ మూడో పెద్దమనిషి నెమ్మదైన గొంతు వినపడేది, మంచి విద్యార్థిని మెచ్చుకున్నట్టు. వీరాచారి మాస్టారి శిష్యురాలినని చెప్పుకుంటాను గానీ, నిజానికి నేను నేర్చుకున్నది ఆ కమిటీ దగ్గర.

రిటైరయ్యాక ఒకసారి ధైర్యం చేసి ట్రంకు పెట్టెలోంచి రిజిస్టర్లు తీసి బీరువాలోకి మార్చాను. అప్పుడు చూశాను ఆ చిటికెడు అన్నభేది చేసిన పని. ఎక్కువైన ఇనుము ఇన్నేళ్లూ కాగితాన్ని తింటూ వచ్చింది. అక్షరం ఉన్నచోట అక్షరం ఆకారంలోనే కన్నం పడింది. పేజీ తిప్పితే పదాలు పదాలుగా ఒళ్లో రాలాయి. ఖాళీ జాగాలు చెక్కుచెదరలేదు, రాసినవే పోయాయి. కారంపూడి రైతు పేరు పోయింది. మార్తమ్మ వరసలో జానెడూ పోయింది, బెత్తెడూ పోయింది. ఆయన మెచ్చుకోవాలని నేను చేసిన రెండు పనులూ అలాగే అయ్యాయి. మూసి తాళం వేశాను.

ఈ పొద్దున గేటు చప్పుడైంది. ఒక అమ్మాయి, భుజాన సంచి, ఎండకు కమిలిన మొహం. ఆటో ఆపి వచ్చింది. పరిశోధన చేస్తోందట. "అమ్మా, యుద్ధం రోజుల్లో పల్నాడు పల్లెల్లో జనం ఏం చదవాలనుకునేవాళ్లో తెలిపే రిజిస్టరేదో ఉండేదంట గదా. మా తాతయ్య మీ ట్రెయినింగు స్కూల్లోనే చదివాడు. ఆయన చెప్పేవాడు. మీ దగ్గర ఏమన్నా ఉందేమోనని వచ్చా," అంది. నా బుగ్గన కరక్కాయ ముక్క ఉంది. బీరువా నా వెనక గదిలోనే ఉంది. తెరిస్తే కన్నాలు చూపించాలి, అవి ఎలా పడ్డాయో చెప్పాలి, ఆ తర్వాత బల్ల మీద కాగితాలు ఎవరు ఎలా సర్దారో చెప్పాలి. ముడుచుకుపోయిన నాలుకతో, "లేదమ్మా," అన్నాను.

"పర్లేదులేండి," అని ఆ పిల్ల వెళ్లిపోయింది.

తలుపు వేసి నాలుగడుగులు వేశాక గాని ఏం చేశానో నాకు తెలియలేదు. చెప్పులు కూడా లేకుండా గేటు దాకా వెళ్లాను. దగ్గు తెరలు తెరలుగా వచ్చి గేటు పట్టుకుని నిలబడిపోయాను. ఆటో మలుపు తిరిగిపోయింది. పో, పిలువు అనడానికి ఎవరూ లేరు, పరుగెత్తడానికి కాళ్లూ లేవు.

లోపలికి వచ్చి బీరువా తెరిచాను. మూడో రిజిస్టరు చివర్న కొన్ని పేజీలు ఏమీ రాయకుండా మిగిలి ఉన్నాయి, వాటికి ఏమీ కాలేదు. చేతికి దొరికిన పెన్నుతో ఒక వరస మొదలుపెట్టాను. తేదీ వేశాను. పేరు ఖాళీ. ఊరు ఖాళీ. అడిగింది అన్న గడిలో "ఈ రిజిస్టరు" అని రాశాను. ఎందుకు అన్న గడి దగ్గరికి వచ్చి కూర్చున్నాను. ఆ పిల్లను నేను అడగలేదు.